ఎరుపు వద్దన్న మాట

పట్నంలో విశ్వవిద్యాలయంలో చేరిన ఏడాది రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. దాని మీద ప్రేమ ఉండి కాదు. ఫారసీ తీసుకుంటే, ఇంట్లో ఆ భాష వింటూ పెరిగిన పిల్లల పక్కన వెనకబడిపోతానని భయం. ఫ్రెంచి అయితే అందరూ అక్షరాల నుంచే మొదలుపెట్టాలి కదా అనుకున్నాను. మా అయ్యవారు పాఠాన్ని ఉర్దూలో వివరించేవారు. నేను దాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకొని, జవాబు మళ్లీ ఫ్రెంచిలోకి తెచ్చేసరికి ఆయన ఇంకొకర్ని లేపేవారు. ఏడాది చివరికి నాకు వచ్చింది నూరు దాకా అంకెలు, రంగుల పేర్లు, కుశలప్రశ్నలు. పరీక్షలో అత్తెసరు మార్కులతో బయటపడ్డాను.

వేసవి సెలవుల్లో వరంగల్ వచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా వాడంతా జంపఖానాలు నేసేవాళ్లే. సాయంత్రం అరుగు మీద నలుగురూ చేరితే బాపు నన్ను పిలిచి, "ఏదీ, ఆ ఫ్రెంచి జర మాట్లాడు కొడుకా" అనేవాడు. నేను ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు గబగబా, మాటల్లా వినిపించేలా చదివేసేవాణ్ణి. వాళ్లు నోళ్లు తెరుచుకొని వినేవాళ్లు. అవి అంకెలని చెప్పవలసింది నేనే. చెప్పలేదు.

యుద్ధం రోజులవి. ఊళ్లో అనాథపిల్లల బడి ఒకటి నడిపే కన్యస్త్రీల మఠానికి పుదుచ్చేరి నుంచి ఒక పెద్ద వయసు సిస్టరు కొత్తగా వచ్చింది. ఆమెకు ఫ్రెంచి తప్ప ఇంకో భాష రాదు. ఒకరోజు ఉదయం ఆమె జంపఖానాల కోసం మా ఇంటికి వచ్చింది. వెంట మఠంలో వంటచేసే మనిషి ఉంది. తొర్రూరు దిక్కు నుంచి కూలికి వచ్చి, ఇరవై ఏళ్లుగా ఆ వంటింట్లోనే ఉండిపోయిన మనిషి. అక్షరం ముక్క రాదు. సిస్టర్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది వినీ వినీ ఆ భాష పట్టుకుంది.

సిస్టరు మా గోడకు వేలాడుతున్న ఎర్ర అంచు జంపఖానా మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. వంటమనిషి బాపుతో మాట్లాడబోయింది.

బాపు ఆమెను ఆపాడు. "నువ్వాగు చెల్లె. మావోడు పట్నంల ఇదే చదువుతాండు." నా వైపు తిరిగి, "ఏమంటాంది కొడుకా?" అన్నాడు.

వాడలో సగం మంది వాకిట్లో నిలబడి ఉన్నారు. సిస్టరు మాటలు వానచినుకుల్లా పడిపోతున్నాయి. నాకు అందినవి రెండే: 'సాఁ', 'రూజ్'. సాఁ అంటే నూరు. రూజ్ అంటే ఎరుపు. గొంతు సవరించుకొని, "సాఁ రూజ్?" అని ఆమెనే అడిగాను. ఆమె మొహం వెలిగిపోయింది. "వుయ్, వుయ్! సాఁ రూజ్!" అంటూ తల ఊపింది.

"ఇట్లాంటియే నూరు కావాల్నట బాపు. అన్నీ ఎర్రయి."

వంటమనిషి ఉలిక్కిపడింది. "కాదయ్యా, పన్నెండే చాలన్నది. ఎరుపు వద్దంటాంది, పిల్లలు కూసునేటియి గద..."

"నీకేం తెలుసు?" అన్నాను. "వంటింట్ల విన్న మాటలు, పుస్తకంల చదివింది ఒక్కటేనా?"

జనం నవ్వారు. ఆమెకు మా అమ్మ వయసుంటుంది. తల దించుకొని వెనక్కి జరిగింది. సిస్టరు ఏమీ తెలియక నా భుజం తట్టి వెళ్లిపోయింది.

నూరు జంపఖానాలంటే మా ఇంటికి మాటలు కాదు. యుద్ధం వల్ల మంచి రంగు దొరకడం లేదు. బాపు ఎక్కడెక్కడో తిరిగి ఎర్రరంగు సంపాదించాడు. చిన్నాయనల ఇళ్లలో మగ్గాలకు కూడా ఎర్రనూలు ఎక్కించాడు. మోచేతుల దాకా ఎర్రబారిన చేతులతోనే అన్నానికి కూర్చునేవాడు. మొదటి పన్నెండూ తయారవగానే బండి మీద వేసుకొని ఇద్దరం మఠానికి వెళ్లాం.

సిస్టరు ఒక్కటి విప్పి చూసి, వేలితో ఎరుపును పొడిచి చూపిస్తూ, "సాఁ రూజ్! సాఁ!" అని, చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ చెయ్యి చూశాక గానీ నాకు వెలగలేదు. 'సాఁ' అనే పలుకుతోనే ఆ భాషలో ఇంకో మాట ఉంది. రాత వేరు, అర్థం వేరు. లేకుండా, అని. ఎరుపు లేకుండా. పాఠంలో వచ్చిందే. అయ్యవారు రెండూ నల్లబల్ల మీద పక్కపక్కనే రాసి చదివించారు కూడా.

"రంగు దిగి పిల్లల తెల్లబట్టలకు అంటుతదని ముందే అన్నదయ్యా," అంది వంటమనిషి మెల్లగా.

బాపు నా మొహంలోకి చూశాడు. "నువ్వు తప్పు విన్నవా కొడుకా?" కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగాడు.

"లేదు బాపు. ఆమెనే మాట మార్చింది."

వంటమనిషి నన్ను చూసింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. బాపు జంపఖానాలు చుట్టి బండిలో వేశాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "గంత పెద్దమనిషి, అబద్ధమాడుడేంది?" సిస్టరు గురించే అన్నాడు.

చిన్నాయనలు మగ్గాల మీది నూలు కోసి తీశారు. మఠం వాళ్లు మాట తప్పే మనుషులని బాపు వాడంతా చెప్పాడు. వాళ్లకు ఎవరూ నెయ్యొద్దన్నాడు. ఎవరూ నెయ్యలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. ఒక పొద్దున మఠం వెనకవైపుకు వెళ్లాను. వంటమనిషి చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఆ దినం నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

"నాకెర్కలేదా?" అంది, చేట ఆపకుండా. "మీ బాపు ముంగట నీ ఇజ్జత్ పోతదని నోరు మూసుకున్న. గిది నాకు చెప్పుడెందుకు? ఆయనకు చెప్పు. మా సిస్టరమ్మను అబద్ధాలకోరని బజార్ల అనబట్టె."

"చెప్త."

మర్నాడు బాపు రైలెక్కించడానికి వచ్చాడు. చెబుదామనే అనుకున్నాను. కిటికీ ఊచ పట్టుకొని ఆయన అన్నాడు: "భాష మంచిగ నేర్చుకో కొడుకా. ఎవరన్న మాట తప్పితే, మల్ల వాళ్ల భాషలనే నిలదియ్యాలె." ఊచ మీద ఆయన గోళ్లలో ఇంకా ఎరుపు ఉంది. "సరే బాపు," అన్నాను. రైలు కదిలింది.

తర్వాత ఏళ్ల తరబడి ఇంటికి ఎవరొచ్చినా బాపు ఆ కథ చెప్పేవాడు. "మావోడు పక్కనే ఉండె, అడుగుండ్లి," అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి.

చదువు ముగించి ఊరికి వచ్చిన ఏడాది, కూరగాయల బజారులో వంటమనిషి ఎదురైంది. జుట్టు నెరిసింది. నేనెవరో ఆమే ముందు గుర్తుపట్టింది.

"మీ బాపుకు చెప్పినవా?"

"చెప్పిన," అన్నాను.

ఆమె గంప కింద పెట్టి, రెండు చేతులతో నా తల నిమిరింది. "మంచి పని చేసినవ్ బిడ్డా. సిస్టరమ్మ వింటే ఎంత సంతోషపడేదో. పోయిన చలికాలం సచ్చిపోయింది," అంది. నా సంచిలో గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసి, వద్దంటే వినకుండా, గంప ఎత్తుకొని వెళ్లిపోయింది.