గంజి తెస్తామన్న కబురు

నిన్న క్లినిక్‌కి వెళ్లి ఫ్లూ టీకా వేయించుకొచ్చాను. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. జ్వరం వచ్చినట్టుందే అని పైకే అనుకున్నాను గానీ, మా ఆయన పనిమీద అబుదాబి వెళ్లారు, వినేవాళ్లెవరూ లేరు. అప్పుడు గుర్తొచ్చింది మా పిన్ని.

కరోనా టీకాలు మొదలైన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. షార్జాలో మా తెలుగు సంఘమూ, ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లే చర్చివాళ్లూ కలిసి, మనవాళ్ల చేత టీకా వేయించడానికి ఫోన్లలో పంపే కబుర్లు తయారుచేసేవాళ్లం. మొదటిది మా కార్యదర్శిగారు రాశారు. పాపం ఎంతో శ్రద్ధగా, వాక్యానికోసారి 'రోగనిరోధక శక్తి' వచ్చేలా రాసి, తనే గంభీరంగా చదివి, వెనకాల వీణ కూడా పెట్టించారు. అందరూ దండం బొమ్మలు పంపారు తప్ప టీకాకు మాత్రం కదల్లేదు.

కదలనివాళ్లలో మా పిన్ని ఒకతె. మా అమ్మకు చిన్నాన్న కూతురు, అమలాపురం పక్క పల్లె. పగలంతా ఒక మేడం ఇంట్లో వంట చేసి, షార్జాలోనే రోలా అనే పేటలో మరికొందరు ఆడవాళ్లతో పంచుకున్న గదికి చేరేది. అసలే షుగరు మనిషి, ఆ మాయదారి జబ్బు అంటుకుంటే తట్టుకోలేదని నాకు లోపల ఒకటే బెంగ. సూదికి భయపడుతున్నావా అని వేళాకోళం చేస్తే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"సూదికి కాదే. ఆనక జొరమొత్తే? మేడం గుమ్మం తొక్కనియ్యదు, గదిలోవాళ్లు పన్లకెల్లిపోతారు. నాకు గంజి ఎవరు పోత్తారే?"

నేను పోస్తాను పిన్నీ అన్నాను. ఆ మాటే సంఘంలోనూ చెప్పాను. చర్చి ఆడవాళ్లు గంజి కాచడానికి వంతులు వేసుకున్నారు, కార్యదర్శిగారు తన వాగ్ధాటినంతా మేడం మీద ప్రయోగించి పిన్నికి సెలవు సంపాదించారు. సంఘంలోని డాక్టరుగారు మాత్రం, జ్వరం రావచ్చన్న సంగతి ఎవరి దగ్గరా దాచవద్దనీ, రెండు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి రమ్మని తప్పక చెప్పాలనీ పట్టుబట్టారు.

పిన్ని టీకా వేయించుకుంది, అనుకున్నట్టే మర్నాడు ఒళ్లు కాలిపోయింది. గంజీ, నిమ్మకాయ ఊరగాయ బద్దా తలుపు దగ్గర పెట్టి, మెట్ల మీద నిలబడి ఆవిడ తీసుకునేదాకా చూశాను. అది తాగి, పడుకునే ఫోన్లో మాట్లాడి మాకు పంపింది.

"అమ్మాయిలూ, నాకు జొరమొచ్చింది, దాచను. చెయ్యి లాగేత్తంది. గంజి తెచ్చారు, తాగాను. మీరూ ఏయించుకోండే, మీకూ తెత్తాం."

మధ్యలో గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా ఉంది. దీనికీ వీణ పెడదామా అని కార్యదర్శిగారు అడిగితే అందరం ఆయన మీద పడ్డాం. చివర డాక్టరుగారి మాట ఒక్కటి చేర్చి ఉన్నదున్నట్టు పంపాం. ఆ వారం నుంచే ఆడవాళ్లు గదుల్లో ఒకరి వెనక ఒకరు సెలవులు సర్దుకుని టీకాకు బయల్దేరారు. ఎక్కడో అబుదాబి అవతల మఫ్రఖ్ కూలీల క్యాంపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అక్కా, గా గంజి మా దాంక వస్తదా?" అని అడిగాడు. నవ్వాను, ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. అంత దూరం మేం తేలేకపోయాం, వాళ్ల గదిలోవాళ్లే ఒకరికొకరు కాచుకున్నారట.

ఇప్పుడు టీకా కబుర్లు చక్కని రంగుల బొమ్మలతో, ఒక్క తప్పు లేని తెలుగులో వస్తున్నాయి. చదువుతాం, వేయించుకుంటాం, ఖలాస్. అవి మంచివే, కాదనను. కానీ వేయించుకున్నాక ఎలా ఉన్నావని అడిగే మనిషి వాటిలో ఉండదు. గంజి వంతులు వేసుకున్న మేమంతా ఇప్పుడు పండగ ఫొటోల్లోనే కలుస్తున్నాం. పిన్ని పని మానేసి ఊరెళ్లిపోయింది.

నిన్న ఆ పాత కబురు వెతికి విన్నాను. గ్లాసు చప్పుడు దగ్గర ఆగలేక ఆవిడకే ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పోల్చేసింది.

"జొరమా? గంజి తాగావటే?"

తాగాను పిన్నీ అన్నాను. ఫోన్ పెట్టేసి, అప్పుడు లేచి బియ్యం కడిగాను.