పదో సంతకం

మా సూపర్‌వైజర్ సారు పోయిన వార్త నాకు డ్రాఫ్టు పనిగా వచ్చింది. పోయిన బుధవారం పొద్దున ఆఫీసు ప్యూను సైకిలు దిగి, గుమ్మంలో నిలబడి, సంతాప తీర్మానం నాలుగు లైన్లు రాసివ్వమన్నారని చెప్పాడు. ఎవరికని అడిగాను. "గదే, పార్కుల సారు. నిన్న దవాఖానల పోయిండట" అన్నాడు. నాలుగు లైన్లకు మించొద్దని కూడా చెప్పి పంపారట. నేను రాయనన్నాను. ఆయన విషయంలో నేను రాసిన డ్రాఫ్టు ఒకటి చాలు. దాని సంగతి చెప్పడానికే ఇప్పుడు కలం పట్టాను.

డెబ్బైలలో వరంగల్‌లో సాయంత్రాలు గడిపినవాళ్ళకు ఆయన తెలిసే ఉంటారు. రెండు పార్కులు, వాటిలో రేడియోలు, ఒక రీడింగ్ రూము, ఒక వాలీబాల్ కోర్టు, నేతపనివాళ్ళ వాడలో ఒక కమ్యూనిటీ హాలు, మున్సిపాలిటీ తరఫున అన్నీ ఆయన కిందే. ఆయన కింద గుమస్తాని నేను. నన్ను మున్షీ అని పిలిచేవారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక విజిలు, క్యారమ్ బోర్డుకు చల్లే పౌడరు పొట్లం ఉండేవి. ఎక్కడికి వెళ్ళినా ముందు చూపుడువేలు కొద్దిగా ఆడిస్తూ మనుషులను లెక్కపెట్టుకునేవారు. పెళ్ళిలోనైనా, బస్సులోనైనా అంతే. ఆ అలవాటు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. నేను అంటించాను.

హాలు మీద స్టోర్సు సెక్షన్ కన్ను పడింది. ఫినాయిలు డ్రమ్ములకూ బ్లీచింగ్ బస్తాలకూ చోటు లేదట, ఆటలకు మాత్రం చోటెందుకని పెద్ద ఆఫీసరు నోటు పంపాడు. సారు నన్ను పిలిచి, "జనం వస్తాండ్రు, హాలు గుంజుకోకుండ్రి అని రాయి మున్షీ. అంతే" అన్నారు.

అంతే రాసి ఉంటే బాగుండేది. కానీ రీడింగ్ రూములోని అలమారాలన్నీ చదివేసి కూర్చున్నవాడిని నేను. వాక్యానికి తోక లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. "ప్రతి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపల, నా సమక్షంలో, కనీసం పది మంది పౌరులు ఈ హాలుకు వచ్చి సంతకం చేయని నాడు, మరునాడే తాళంచెవి నా చేతులతో నేనే తెచ్చి అప్పగించగలవాడను" అని రాశాను. ఆయన వాలీబాల్ నెట్టు ఎత్తు కొలుస్తూ, చదవకుండానే సంతకం పెట్టారు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. అంగీకరించడమైనది అని ఒకే మాట. అప్పుడు చదివారు ఆయన, నేను రాసింది.

తిట్టలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి, "మంచిగ రాసినవ్. నన్ను లోపటేసి తాళం పెట్టినవ్ గని, మంచిగ రాసినవ్" అన్నారు. ఆ వాక్యం నా సొంత పైత్యమని ఇంకో ఉత్తరం పెడదామన్నాను. "కింద సంతకం ఎవలది?" అని అడిగి, విజిలు తీసుకుని కోర్టులోకి వెళ్ళిపోయారు.

అక్కడి నుంచి పదకొండేళ్ళు. సెలవు లేదు, పండగ లేదు, జ్వరం లేదు. ఆఫీసు సిబ్బంది సంతకం చెల్లదు, కాబట్టి నేను లెక్కలోకి రాను. ఆయన వేలు రోజూ హాలంతా తిరిగేది, నా మీద నుంచి మాత్రం దాటిపోయేది. వానాకాలంలో గొడుగు వేసుకుని మగ్గాల ఇళ్ళ ముందు నిలబడేవారు. ఆయన వాడలోకి రావడం చూసి, "సారు వస్తాండు, దొరికినోడు దొరికినట్టే, ఉరుకుండ్రి" అని లోపలి నుంచి ఎవరో అరిచేవారు. మగ్గాల వెనక నవ్వులు. ఆయనా నవ్వేవారు. "నవ్వుకుంటనన్న రాండ్రి, తిట్టుకుంటనన్న రాండ్రి. వచ్చుడు ముఖ్యం" అనేవారు.

దొంగ సంతకాలు ఆయనకు చేతకావు. కూతురి పెళ్ళి ఆ హాల్లోనే చేశారు. చోటు కోసం కాదు, ఆ సాయంత్రం గండం గట్టెక్కడానికి. ఊరికే సంతకం పెట్టించుకుంటే తప్పవుతుందని, వియ్యంకుడితో సహా పది మందిని క్యారమ్ బోర్డు దగ్గర కూర్చోబెట్టి తలా ఒక ఆట ఆడించి, ఆ తర్వాతే విస్తళ్ళు వేయించారు. వియ్యంకుడు ఓడిపోయి మొహం ముడుచుకున్నాడు. ములుగు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం గెలుస్తున్నాను కదా అని ఎంతకీ భోజనానికి లేవలేదు.

ఆయన భార్య కాశీకి వాడవాళ్ళతో వెళ్ళింది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నేనూ సారూ సామాను ఎక్కించాం, ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. రైలు ఆలస్యమై నాలుగు దాటింది. ఆయన గడియారం చూసుకోవడం ఆమె చూసింది. "ఇగ పో. గా పది మందిని మంచిగ చూస్కో. నేనైతే లెక్కల లేను గని" అంది. రైలు కదలకముందే మేము బస్సెక్కాం.  నేను కిటికీ బయటకు చూస్తూ, నా వాక్యంలో "నా సమక్షంలో" అన్న రెండు మాటలు లేకపోతే ఈ మనిషి ఆ రైల్లో ఉండేవాడు కదా అనుకున్నాను.

ఇంకొకళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో సాహిత్యం వెలగబెట్టే పెద్దమనుషులు సభలకు హాలు కావాలని వచ్చేవారు. మైకు బాగాలేదనీ కుర్చీలు చాలలేదనీ విసుక్కునేవారు. రిజిస్టరు ముందు పెడితే మాత్రం, నేతవాళ్ళ వేలిముద్రల పక్కన సంతకమా అన్నట్టు చూసి, పెన్ను లేదనేవారు. కవులకు పెన్నులుండవు. ఆయన తన పెన్ను ఇవ్వబోయేవారు, వాళ్ళు అప్పటికే గుమ్మం దాటేవారు.

తర్వాత ఊళ్ళోకి టీవీ వచ్చింది. వాడలో ఒక్క ఇంట్లో పెట్టె, ఆ కిటికీకి యాభై మంది. ఆదివారం సాయంత్రాలు ఆయన మొహంలో నెత్తురు ఉండేది కాదు. ఒక ఆదివారం ఏడున్నరకు తొమ్మిది సంతకాలే పడ్డాయి. ఆయన రిజిస్టరు వదిలి కదలకూడదు, నన్ను పంపారు. ఆ కిటికీ దగ్గర, ఇప్పుడు వార్డు నాయకుడిగా తిరుగుతున్న ఒకడు ముందు వరుసలో ఉన్నాడు. భుజం తట్టి అడిగితే, తల తిప్పకుండా, "సినిమా అయినంక వస్త, సారును జర ఆగుమను" అన్నాడు. వెనక నిలబడ్డ ఒక ముసలి నేతగాడు మాత్రం వెంటనే, "నా కండ్లకెట్లాగు ఆనుత లేదు, నడు పోదాం" అన్నాడు.

పదో మనిషి దొరికాడు. హాలు రెండు వీధుల అవతల. టైము ఇంకా పదిహేను నిమిషాలుంది. అప్పుడు తెర మీద ఏదో కోర్టు సీను నడుస్తోంది, ఎవరో బోనులో నిలబడి నిజం చెప్పబోతున్నాడు. తాతా, ఒక్క నిమిషం అన్నాను.

మేము హాలు చేరేసరికి ఎనిమిది దాటి అయిదు నిమిషాలు. ఆయన తొమ్మిదో సంతకం కింద గీత కొట్టి, రిజిస్టరు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ముసలాయన వేలికి సిరా రాసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. మనుషులు దొరకలేదు సార్, అతి కష్టం మీద ఇతన్ని పట్టుకొచ్చానన్నాను. ముసలాయన నా మొహంలోకి చూశాడు. మర్నాడు పదింటికి సారు తాళంచెవి తన చేతులతోనే తీసుకెళ్ళి ఇచ్చారు. మధ్యాహ్నానికి డ్రమ్ములు దిగాయి. ఆయనను జనన మరణాల రిజిస్టర్ల దగ్గరికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే రాసుకున్నారు.

మొన్న సంతాప సభకు వెళ్ళాను. ఆ వార్డు నాయకుడు ఫొటోకు దండ వేసి, ఆ హాల్లో ఆడుకునే తాను ఇంతవాడినయ్యానని గొంతు బొంగురు చేసుకున్నాడు. లేచి కిటికీ సంగతి చెబుదామనుకున్నాను. చెబితే ఆ కిటికీ దగ్గర ఇంకెవరున్నారని అడుగుతారు. కూర్చున్నాను.

సారును చివరిసారి దవాఖానలో చూశాను, పోవడానికి నాలుగు రోజుల ముందు. జనరల్ వార్డు. మనిషి మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. కాసేపు ఏవో మాట్లాడి, ఉన్నట్టుండి అడిగారు.

"మున్షీ, గా ఆదివారం సినిమా ఆఖరుకు ఏమైంది?"

 ముసలి నేతగాడు ఎప్పుడు చెప్పాడో. మర్నాడే చెప్పి ఉంటాడు. ఇన్నేళ్ళూ ఈయన నాతో కలిసి టీలు తాగారు, బోర్డు ఆడారు, నా కొడుకు పెళ్ళికి వచ్చారు.

"తెల్వదు సార్. మధ్యలనే వచ్చిన."

"అరె. గదన్న పూరా చూడకపోతివా" అని నవ్వారు. నవ్వు దగ్గయింది. నీళ్ళు తాగించాను. క్షమించమని అడగడానికి పుస్తకాల్లో చదివిన మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ పైకి రాలేదు. ఆయనే కళ్ళు మూసుకుని, "ఆ రాత్రి నిద్ర పట్టింది మున్షీ. పదకొండేండ్లకు" అన్నారు. నిజమో, నన్ను బుజ్జగించడానికి అన్నారో నాకు తెలియదు. తేల్చుకునే దారి ఇక లేదు.

నర్సు వచ్చి టైమైపోయింది, బయటివాళ్ళు వెళ్ళాలంది. లేచాను. ఆయన కళ్ళు తెరిచి వార్డు అంతా ఒకసారి చూశారు. దుప్పటి మీద చూపుడువేలు కొద్దిగా కదిలింది. అటు చివరి మంచం నుంచి మొదలై ఒక్కో మనిషి దగ్గర ఆగుతూ, ఇటు వరుసలోకి తిరిగి, ఎదురు మంచం మీది పిల్లవాడినీ, వాడి తల్లినీ దాటి, నా దాకా వచ్చింది. ఈసారి దాటిపోలేదు. నా మీద ఒక్క క్షణం నిలిచి, తర్వాత దుప్పటి మీదికి జారింది.