కలవని నా రక్తం

2008 ప్రాంతంలో మేము గద్వాల దగ్గర ధరూర్‌లో ఉండేవాళ్ళం. మా పాప రమ్యకు తలసేమియా. తరచూ రక్తం ఎక్కించాలి. ఒకసారి ఎక్కించిన రక్తం పడక చలిజ్వరంతో వణికిపోయింది. ఎ, బి, ఓ లాంటి గ్రూపు ఒక్కటే కలిస్తే చాలదని, రక్తంలోని చిన్న చిన్న గుర్తులు కూడా కలవాలని హైదరాబాదు డాక్టరుగారు మా ఇంట్లో అందరికీ జన్యు పరీక్ష చేయించారు.

నాదే కలుస్తుందనుకున్నాను. కలిసింది మా తోడికోడలు సుజాతది!

"కన్నదాన్ని నేనైతే, బయటినుంచొచ్చిన దాని రక్తమెట్ల కలుస్తది సారూ?" అన్నాను.

"అప్పుడప్పుడు అలా జరుగుతుందమ్మా" అన్నారాయన.

సుజాతకు సూదంటే ప్రాణభయం. "అక్కా, జర చెయ్యి పట్టుకో" అని ఏడుస్తూనే రక్తమిచ్చింది. పట్టుకున్నాను గానీ ఆమె ముఖం చూడలేకపోయాను.

మర్నాడు ఆ రక్తం పాపకు చక్కగా పడింది. సాయంత్రం లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. నేను తినిపించబోతే తల తిప్పుకుంది.

"నువ్వొద్దు. చిన్నమ్మ తినిపిస్తేనే తింట."

సుజాతమీద ఈర్ష్య పుట్టింది. అయినా ఇడ్లీ ప్లేటు సుజాత చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. పాప రెండు ఇడ్లీలూ తినేసింది.

ఆ ఈర్ష్య పోయిందని అబద్ధం చెప్పను. తల్లిగా నేను చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది ఆ ప్లేటు ఇవ్వడమే.