మామయ్య బూరకు బిరడా

నా చిన్నప్పుడు, మా అమ్మమ్మను మట్టి చేసిన రోజున వచ్చిన కోపం నాకింకా పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

మాది దర్శి దగ్గర పల్లె. నేనప్పుడు నాలుగో తరగతి. అమ్మమ్మ బతుకంతా పెద్దవీధిలోని ఒక రైతుగారి కళ్ళంలో మిరపకాయలకు తొడిమలు తీసింది. ఆ ఘాటుకు దగ్గి దగ్గి మంచం పట్టింది. పోయే ముందు ఒక్కటే అడిగింది, తనను ఆ వీధిలోంచే, కొడుకు బూర ఊదుతుండగా సమాధుల తోటకు తీసుకెళ్ళాలని. ఆ కొడుకే మా మామయ్య. దర్శిలో బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. మా ఇంట్లో దాన్ని బూర అనే అనేవాళ్ళం.

శవపెట్టె లేపబోతుంటే రైతుగారి పాలేరు వచ్చాడు. వాళ్ళింట్లో పెళ్ళి పందిరి వేశారట, చావు మేళం వినపడితే అశుభమట, చేలగట్టు మీదుగా పొమ్మన్నారట. ఆ ఇంటి పంటకు ఒళ్ళు అరగదీసుకున్న మనిషి చావు ఆ ఇంటికి అశుభమైంది! నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న కర్ర అందుకోబోయాడు. మామయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, పాలేరుతో "డప్పులూ డ్రమ్ములూ ఉండవు, మోత రానివ్వనని చెప్పు. వీధి మాత్రం మార్చం" అన్నాడు.

తర్వాత సంచిలోంచి ఒక అల్యూమినియం గరాటు తీశాడు. బూర మోత తగ్గించడానికని ఎప్పుడో తనే దాని వెడల్పు మూతికి రేకు అతికించి, చుట్టూ పాత చెప్పుల రబ్బరు ముక్కలు అంటించుకున్నాడు. దాన్ని బిరడా అనేవాడు. మోత బయటికొచ్చే బూర నోట్లో దాని సన్నటి కొస దూర్చి బిగించాడు. కన్నతల్లి కోసం ఏడవడానికి కూడా మూత పెట్టుకోవాలా? రైతుగారి మీదకంటే మామయ్య మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పిరికోడివని మొహం మీదే అరిచాను. "వినవే ముందు" అన్నాడంతే.

మామూలు బూర పెళ్ళికీ చావుకీ ఒకేలా నిండుగా మోగుతుంది. అలవాటైన ఊరు తల తిప్పి చూడదు. బిరడా పెట్టాక మోత తగ్గింది, నిజమే. కానీ దాని గొంతే మారిపోయింది. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయిన మనిషి పాడుతున్నట్టు సన్నగా, కోసేలా వచ్చింది. అమ్మమ్మ తొడిమలు తీస్తూ పాడుకునే ప్రార్థన పాట అది. రైతుగారి గుమ్మం ముందు పెట్టె దించాం. లోపల పెళ్ళి వంటలకు కారం దంచుతున్న రోకళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఎర్రబడిన చేతులతోనే బయటికొచ్చి పెట్టె వెనక నిలబడ్డారు.

రైతుగారు పరుగున వచ్చి, "ఏందిరా ఇది? వద్దని చెప్పి పంపలా?" అని గద్దించారు.

"గట్టిగా ఊదట్లేదు కదండీ" అని మామయ్య మళ్ళీ బూర పెదవులకు ఆనించాడు.

మేం మళ్ళీ పెట్టె లేపాం. కారం దంచేవాళ్ళంతా మాతోపాటే నడిచారు.

సమాధి దగ్గర మామయ్య బిరడా తీసి, అదే పాట నిండుగా ఊదాడు. బాగానే ఉంది. కానీ అప్పుడు ఎవరికీ ఏడుపు రాలేదు. తేడా తెలిసిందా అన్నట్టు నావైపు చూసి, బిరడా నా చేతిలో పెట్టాడు.

రబ్బరు ముక్కలు ఊడిపోయినా అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మమ్మల్ని ఎవరైనా గట్టు మీదుగా పొమ్మన్నట్టు మాట్లాడితే నేను అరవను, గొంతు సన్నబడుతుంది. కొత్తవాళ్ళు నేను చల్లబడ్డాననుకుంటారు. మా ఇంట్లోవాళ్ళు మాత్రం చేతిలో పని ఆపేసి నావైపు చూస్తారు.