పెద్దవ్వ బతికున్నదనడానికి ఆధారమేది?

నిక్షేపంగా బతికున్న మనిషిని, అందులోనూ మా అవ్వకు, అంటే మా అమ్మకు, తోడబుట్టిన అక్కను, నేను చంపేశాను. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. రెండక్షరాలు, రెండు చుక్కలు చాలాయి. చంపడం ఇట్టే అయిపోయింది. మళ్ళీ బతికించే సరికి తల ప్రాణం తోకకొచ్చింది. మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు కానీ, అప్పట్లో మాలో ఎవరూ నవ్వలేదని ముందే చెబుతున్నాను. నాకు కోపం, అవతలి మనిషికి కోపం, చచ్చిపోయిన పెద్దవ్వకు అందరికంటే ఎక్కువ కోపం.

అప్పుడు నేను హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. డాక్టర్లూ ఇంజనీర్లూ కావలసిన పిల్లలతో కిక్కిరిసిన ఆ కాలేజీలో చరిత్ర పంతులమ్మ అంటే పెళ్ళి పందిట్లో సైకిల్ పంక్చర్లు వేసేవాడి లెక్క. ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు, పొమ్మని ఎవరూ అనరు. అలా చేతినిండా తీరిక ఉండటంతో, ఎవరైనా రాయగలిగే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో రాయడం మొదలుపెట్టాను. మా ఊరి చెరువు గురించి రాశాను, అంగడి గురించి రాశాను. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ తిట్టలేదు. ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ హాయి పడక, మా ఊరి బీడీల సమ్మె గురించి రాశాను.

మా ఊళ్ళో మగవాళ్ళు మరమగ్గాల దగ్గర, ఆడవాళ్ళు బీడీల చేటల ముందర బతుకు వెళ్ళదీసేవాళ్ళు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని, బీడీలు చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పజెప్పాలి. అక్కడ సేటు దగ్గరి మున్షీ ప్రతి ఒక్కరి కట్టల్లోంచి ఇన్ని బీడీలు తీసి, ఇవి పనికిరావని ఒక గంపలో పడేసేవాడు. వాటికి కూలి లేదు. అయితే పనికిరాని ఆ గంప బీడీలు కూడా సాయంత్రానికి లేబుల్ అంటించుకుని దర్జాగా అమ్ముడుపోయేవి. మా పెద్దవ్వ నర్సవ్వ ఒకరోజు ఆ గంపను రెండు చేతులా పట్టుకుని, పనికిరానివైతే మా కండ్ల ముందే విరిచెయ్యమంది. మున్షీ విరవనన్నాడు. ఆడవాళ్ళంతా చేటలు బోర్లించి కార్ఖానా ముందు కూర్చున్నారు. సేటు దిగొచ్చి, తీసేసిన బీడీలను అందరి ముందే విరిచేందుకు ఒప్పుకున్నాకే లేచారు. చిన్నప్పుడు నాకు అన్నం తినిపించడానికి అవ్వ రాజకుమారుల కథలు చెప్పలేదు, ఇది చెప్పింది.

ఇదంతా రాసి పెట్టిన మర్నాడే వ్యాసం నెత్తిన ఒక పట్టీ వేలాడుతోంది: ఈ వ్యాసానికి మూలాలు లేవు. అది తగిలించినాయన తనకు పెట్టుకున్న పేరు ‘ఆధారమేది’. వ్యాసం వెనక వాదించుకోవడానికి ఒక చర్చా పేజీ ఉంటుంది. అక్కడికి వెళ్ళాను.

"ఈ సమ్మె సంగతి మీకెలా తెలుసు?" అని అడిగాడాయన.

"నడిపిన మనిషి మా ఇంటి పక్కనే ఉంటుంది. ఆమే చెప్పింది."

"చెప్పింది ఆధారం కాదు. అచ్చయింది చూపండి."

"బీడీలు చుట్టే ఆడవాళ్ళ గురించి ఎవరు అచ్చు వేస్తారండీ?"

"ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆధారమేది?"

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన నిజాయితీపరుడు, అదే నా ఖర్మ. కరీంనగర్ లైబ్రరీకి వెళ్ళి మరీ వెతికి, అచ్చయిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. అది సేటు పోయాక ఆయన కొడుకు నున్నటి కాగితం మీద వేయించిన స్మారక సంచిక. అందులో, కార్మికుల కష్టం చూడలేని దయామయుడైన సేటు, తీసేసిన బీడీలను విరిచే పద్ధతి తనంతట తానే పెట్టాడని ఉంది. ‘ఆధారమేది’ గారు నా సమ్మెను కొట్టేసి, సేటు దయను ఎక్కించి, కింద పేజీ నంబరుతో సహా ముడి వేశాడు.

కర్ర ఉన్నోడిదే బర్రె అని విన్నాను. అచ్చు ఉన్నోడిదే చరిత్ర అని ఆ రోజు చూశాను. నా ఒళ్ళు మండిపోయింది. దయను తీసేసి సమ్మెను పెట్టాను. ఆయన సమ్మెను తీసేసి దయను పెట్టాడు. ఒకే గోడకు ఒకరు సున్నం కొడుతుంటే ఇంకొకరు గోకినట్టు వారమంతా ఇదే పని. స్టాఫ్ రూమ్‌లో నేను టైపు చేస్తుంటే నల్లులను నలుపుతున్నట్టుందని తోటి లెక్చరర్లు అనేవారు.

చివరకు ఆయన కొత్త నియమం బయటకు తీశాడు. "నర్సవ్వ గారు జీవించి ఉన్న వ్యక్తి. జీవించి ఉన్నవారి గురించి ఆధారం లేకుండా ఒక్క వాక్యం కూడా ఉండరాదు." అలా అని పెద్దవ్వ పేరే తుడిచేశాడు.

అంటే బతికి ఉండటమే ఆమె చేసిన తప్పన్నమాట. సరే, ఆ తప్పు లేకుండా చేస్తానని పళ్ళు కొరుక్కుంటూ, ఆమె పేరు మళ్ళీ రాసి దాని ముందు ‘కీ.శే.’ అని కొట్టాను. మీరిక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు, నేను కాచుకుంటాను. నిజానికి గొడవ సద్దుమణిగాక తీసేద్దామనే అనుకున్నాను. కోపంలో ఉన్నవాడికి రేపన్నది ఎప్పుడూ చాలా పొడుగ్గా కనిపిస్తుంది.

‘ఆధారమేది’ వెంటనే స్పందించాడు. "వారి మృతికి నా సంతాపం. అయినా, ఆధారమేది?"

అచ్చు కావాలంటే అచ్చే వేయిద్దామని, నాతో డిగ్రీ చదివి జిల్లా పత్రికలో విలేకరిగా చేరిన సంపత్‌కు ఫోన్ చేశాను. సమ్మె గురించి రాయమన్నాను, పోయి పెద్దవ్వతో మాట్లాడమన్నాను, ఆమె ఫోటో కూడా పంపించాను. సంపత్ మంచివాడు. కానీ అది పెళ్ళిళ్ళ సీజన్, మనిషికి ఊపిరాడటం లేదు. పెద్దవ్వ దాకా పోకుండా విజ్ఞాన సర్వస్వంలో నా వ్యాసం చూసి, ఉన్నదున్నట్టు దింపేశాడు. కీ.శే. తో సహా.

పత్రిక నా చేతికి అందక ముందే ‘ఆధారమేది’కి అందింది. ఆయనే దాన్ని మూలంగా చేర్చి, సమ్మెను మొత్తం తిరిగి పెట్టి, "ఇప్పుడు వ్యాసం పద్ధతిగా ఉంది, అభినందనలు" అని రాశాడు. నేను స్టాఫ్ రూమ్‌లో అందరికీ చాయ్ తెప్పించాను. ఆ చాయ్ తాగుతుండగా అవ్వ ఫోన్.

"జల్ది ఇంటికి రా. మీ పెద్దవ్వ ఇంటి ముంగట మంది జమైండ్రు."

పోయి చూస్తే వాకిలంతా చెప్పులు. పత్రికలో పెద్దవ్వ ఫోటో పూలదండతో వచ్చిందట, ఆ దండ సంపత్ ఆఫీసులో ఎవరో భక్తిగా వేశారు. ఆ ముక్క వాట్సాప్‌లో ఎక్కి జిల్లాలు దాటింది. బోథ్ నుంచి పెద్దవ్వ ఆడబిడ్డ బస్సులు మారుతూ ఏడుస్తూ వచ్చి, గడపలో కందులు చెరుగుతున్న శవాన్ని చూసి అక్కడే కూలబడింది. మస్కట్‌లో పెద్దవ్వ కొడుకు రమేష్ సెలవు కోసం కంపెనీ వాళ్ళ కాళ్ళు పట్టుకుని, తోటి పనోళ్ళను కూడా ఏడిపించి, చివరి చూపు దాకా ఆపమని బతిమాలడానికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది పెద్దవ్వే. "ఏందిరా?" అని ఆమె గొంతు వినపడేసరికి వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడట.

నన్ను చూడగానే పెద్దవ్వ చేట పక్కన పెట్టింది.

"రా బిడ్డా, కూసో. నేనెట్ల సచ్చిన్నో జర చెప్పు. నాకైతే యాదికి లేదు."

దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. అచ్చు, మూలం, నియమం, సేటు దయ, నా కోపం.

"అంటే, బతికుంటే నా మాట చెల్లది. సస్తే చెల్లుతది. గంతేనా?"

"గంతే పెద్దవ్వా."

"మరి సేటు కొడుకు మాట ఎట్ల చెల్లింది?"

"పైసలు పెట్టి అచ్చేయించిండు."

ఆమె ముఖం ఎర్రబడింది. సేటు గురించి ఒక మాట అంది, అది అచ్చుకు పనికిరాదు. తర్వాత నా వైపు తిరిగింది. రేపు పేపర్ చూసి బీడీ పింఛన్ కాడ పేరు కొట్టేస్తే నీ జీతంల నుంచి ఇస్తవా అని అడిగింది. ముందు నన్ను లేపు, తర్వాత అన్నం తిను అంది.

అక్కడే కూర్చుని ఫోన్‌లో కీ.శే. తీసేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కడుగుతుంటే కాలు ఇంకా లోపలికి దిగింది. చెమట తుడుచుకునే లోపే కీ.శే. తిరిగొచ్చింది.

"వారు మరణించినట్లు పత్రికలో ఉంది. బతికున్నారనడానికి ఆధారమేది?"

"నా ఎదురుగా కూర్చుని నన్ను తిడుతున్నారు."

"అది మీ సొంత పరిశోధన. అంగీకరించం."

ఫోటో పెడతానంటే ఎప్పటిదో ఎలా తెలుస్తుందన్నాడు. చివరకు సిగ్గు విడిచి, ఆ కీ.శే. పెట్టింది నేనేనని, పత్రిక నన్ను చూసే రాసిందని ఒప్పుకున్నాను. అబద్ధాలు రాసే అలవాటున్న మీ మాటకన్నా పత్రికే నమ్మదగిందని జవాబు. ఫోన్ నేలకేసి కొట్టబోతే పెద్దవ్వ చెయ్యి పట్టుకుంది. ఆయన రాసిందంతా చదివించుకుని, ఏ ఊరోడని అడిగింది. తన పరిచయంలో ఆదిలాబాద్ అని రాసుకున్నాడన్నాను.

"ఆయన అడుగుడు తప్పు కాదు. సేటుది దయ అనెటందుకు ఆధారమేదని గూడ గట్లనే అడిగిండా? గది అడుగు."

అడిగాను. ఆ స్మారక సంచికను మళ్ళీ చూస్తానని మాత్రం రాశాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దవ్వ, ఆమెతో సమ్మెలో కూర్చున్న లచ్చవ్వ, రాజవ్వలతో కలిసి కరీంనగర్‌లో పత్రిక ఆఫీసుకు పోయింది. వెనకాల దోషిని నేను. అక్కడి ఇన్‌చార్జి నమస్కారం పెట్టి, రేపటి పేపర్‌లో ఒక మూల చిన్న సవరణ వేస్తామన్నాడు. పెద్దవ్వ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సచ్చిందని ఎంత పెద్దగ ఏసిండ్రో, బతికున్నదని గంత పెద్దగ ఎయ్యుండ్రి. సమ్మె ముచ్చట మేం చెప్తం. రాసుకోండ్రి."

సంపత్ తల ఎత్తకుండా రాసుకున్నాడు. ముగ్గురూ ఒక్కసారే చెప్పారు. అప్పుడు ఎండాకాలమని లచ్చవ్వ, కాదు వానలు పడుతున్నాయని రాజవ్వ కొట్లాటకు దిగారు. ఎండనో వాననో కానీ ఆకలైంది, గది రాయమని పెద్దవ్వ తేల్చేసింది. కదిలేటప్పుడు తన ఫోటోకు దండ వేసినోళ్ళెవరని ఆరా తీసింది. ఆ అబ్బాయి భోజనానికి పోయాడని నలుగురు ఒకే గొంతుతో చెప్పారు.

మాట ప్రకారం పెద్దగానే వేశారు. దండ లేని ఫోటోలో ముగ్గురూ ఉరిమి చూస్తున్నారు. సేటు కొడుకుకు కోపమొచ్చి స్మారక సంచికను మళ్ళీ అచ్చేయిస్తానన్నాడని విన్నాం. నేను ఆ పత్రికను తీసుకెళ్ళి ‘ఆధారమేది’ ముందు పెట్టి, గెలిచినట్టే కూర్చున్నాను. ఆయన చాలాసేపు దిద్దాడు. తర్వాత వ్యాసం తెరిచి పెద్దవ్వకు చదివి వినిపించాను. సమ్మె ఉంది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. చివరన ఒక వాక్యం: ‘నర్సవ్వ మరణించారా లేదా అన్న విషయంలో మూలాల మధ్య ఏకాభిప్రాయం లేదు.’

"ఏకాభిప్రాయం అంటే ఏందే?"

"అందరు ఒక్క మాట మీద ఉండుడు."

"నన్నడిగితే అయిపోతుండె గద." ఫోన్ వైపు చెయ్యి చూపింది. "సరే, సేటు దయ అని ఉన్నదా ఇంకా?"

"తీసేసిండు పెద్దవ్వా. కొడుకు సొంతంగ అచ్చేయించిన పుస్తకం ఆధారం కాదని ఆయనే రాసిండు."

"సమ్మె మేమే చేసినమని ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఉండనియ్యి. సచ్చిన్నో బతికిన్నో తర్వాత సూస్కుందాం."

ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. అందుచేత నేను సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి పేరు ముందైనా ఆ రెండక్షరాలు కొట్టాల్సి వస్తే, ముందుగా వాళ్ళింటికి పోయి, తలుపు తట్టి, మీరు పోయారా అని స్వయంగా వాళ్ళనే అడిగి, వాళ్ళు జవాబు ఇవ్వకపోతేనే కొడతాను. కోపంలో ఉంటే ఆ తలుపూ తట్టను, ఈ అక్షరాలూ కొట్టను.

ఇక ఆదిలాబాద్ పెద్దమనిషి గారూ, ఈ ముచ్చట అచ్చులో వస్తోంది కాబట్టి మీకూ ఒక మనవి. మా పెద్దవ్వ బతికే ఉంది. ఆధారం ఇదిగో. పేజీ నంబరు మీరే వేసుకోండి.