తొమ్మిదో నంబరు

నిరుటి దాకా ఆ ఒహాయో స్కూలు సాకర్ జట్టులో తొమ్మిదో నంబరు జెర్సీ మారెన్‌దే. ఈ ఏడు పెద్ద సాకర్ అకాడమీలో చేరింది. అక్కడివాళ్లు స్కూలు తరఫున ఆడకూడదని నియమం. అయినా మ్యాచ్ ఉన్న సాయంత్రం అకాడమీ జాకెట్టు తిరగేసి తొడుక్కుని, కంచె పక్కన నిలబడుతుంది. చేతులు జేబుల్లోనే ఉంటాయి గానీ, బంతి ఎటు పోతే పాదాలు అటు తిరుగుతుంటాయి.

మొన్న బంతి గీత దాటి ఆమె ముందుకే దొర్లింది.

"కాలు పెట్టకే తల్లీ, అకాడమీవాళ్లు పేరు కొట్టేస్తారు!" అని లోపలినుంచి స్నేహితురాలు బ్రిన్ ఎగతాళి చేసింది.

మారెన్ నవ్వి, బంతిని చేతుల్లోకి తీసుకుని, ఆటలో ఉన్నవాళ్లు త్రో వేసినట్టే తల వెనకనుంచి విసిరింది. అది బ్రిన్ పాదాల దగ్గరే పడింది. బ్రిన్ పాత అలవాటుకొద్దీ పరుగందుకుని గోల్ కొట్టేసింది.

రిఫరీ ఈల వేశాడు. "చెల్లదు. ఎవరమ్మా విసిరింది?"

"మా తొమ్మిదో నంబరండీ," అంది బ్రిన్.