జీపులో కానుక డబ్బా

ఏన్కూరు దాటి అడవి అంచున ఉన్న మా క్రైస్తవ సంఘానికి ఒక పాత జీపు ఉండేది. మణుగూరులో వేలం పాటలో కొన్నాం. ఎనభైల చివరి మాట. సంఘ కాపరిని కాబట్టి ఇన్సూరెన్సు కట్టడానికి నేనే ఖమ్మం వెళ్లాను.

మా ఊరి పేరు వినగానే ఏజెంటు పెన్ను పక్కన పెట్టాడు.

"అయ్యగారూ, ఖమ్మంలో తిరిగే బండి వేరు, మీ బండి వేరు. మీ దిక్కు వాగులెక్కువ, గొడవలెక్కువ. వరదకు కొట్టుకపోయినా, ఎవరన్నా తగలబెట్టినా పైసలు రావాలంటే పైన వేరే కట్టాలె. ఎదుటోళ్లకు దెబ్బ తగిలితే ఇచ్చేది మటుకే చాలంటే తక్కువల అయిపోతది."

"మా వాగు సంగతి మాకు తెల్వదా? అన్నీ రాయండి."

"కిరాయికి తిప్పుతరా?"

"లేదు. జబ్బు పడ్డోళ్లను దవాఖానాకు తీస్కపోతం."

"అయితే సొంతానికని రాస్త. కిరాయంటే ఇంకా శానా అయితది."

వంట చేసిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడి పేర తీసిపెట్టే మా ఆడవాళ్ల పుణ్యాన ఆ సొమ్ము కట్టగలిగాం. "దేవుని బండికి కంపెనీ కాపలా ఏంది?" అని ఒక సంఘపెద్ద గొణిగాడు. "ప్రార్థన చేసుకుని తలుపు గొళ్లెం పెట్టుకోవా నువ్వు?" అన్నాను. అందరూ నవ్వారు.

వాగవతలి గూడెంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎడ్లబండి మీద దవాఖానా చేరేలోపే ఆయన కోడలి తొలి కాన్పు బిడ్డ పోయింది. ఆమె మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి జీపు పంపిస్తానని మాటిచ్చాను. ఆమెను ఒకసారి డాక్టరుకు చూపించి తీసుకొచ్చిన రోజు, ఆయన సీటు మీద చింతపండు ముద్ద పెట్టాడు. వద్దన్నాను. ఆయన ముఖం నల్లబడింది.

"ఊరికే ఎక్కుతమా అయ్యగారూ? మేం అడుక్కతినేటోళ్లమా?"

గూడేల్లో అందరిదీ అదే మాట. ఒకరు చారెడు పెసలు, ఒకరు కోడిగుడ్డు. ఇవ్వలేనివాళ్లు సిగ్గుపడి ఎక్కడమే మానేశారు. అందుకే మందిరంలో ఉన్నదానిలాంటి కానుక డబ్బా ఒకటి తెచ్చి స్టీరింగు పక్కన స్క్రూలతో బిగించాను. వేసినా వేయకున్నా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు దేవునికి స్తోత్రం కూడా చెప్పాను.

ఆ వానకాలమే, రోగిని దించి వస్తుంటే చప్టా మీద వాగు మమ్మల్ని పట్టుకుంది. నేనూ, సంఘం జీతానికి పెట్టుకున్న డ్రైవరూ దూకి బతికాం. జీపు బోర్లాపడి దిగువ తుంగలో ఇరుక్కుంది. ఎడ్లు కట్టి లాగితే ఒండ్రుముద్దలా బయటికొచ్చింది. వరదకు వేరే కట్టాం కదా అన్న ధైర్యం నాది. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ సర్వేయరు వస్తున్నాడని తెలిసి డ్రైవరు స్క్రూడ్రైవరు పట్టుకొచ్చాడు.

"డబ్బా పీకేస్త అయ్యగారూ. వాళ్లు ఏదన్న వంక వెతుకుతరు."

"దేవుని డబ్బాను దాచేదేముంది?" అని నేనే దాని మీద బురద తుడిచాను.

సర్వేయరు ఇంజను చూశాడు, చక్రాలు చూశాడు, డబ్బా దగ్గర ఆగాడు.

"ఇదేంది?"

"కానుకలు."

"ఎవరేస్తరు?"

"ఎక్కినోళ్లు."

"ఎక్కనోళ్లు?"

అంతకుముందు ఆదివారమే అబద్ధ సాక్ష్యం గురించి బోధించాను. డ్రైవరు నా వైపు చూస్తున్నాడు.

"వాళ్లెవరూ వెయ్యరు" అన్నాను.

"గట్లయితే కిరాయే కదా అయ్యగారూ. నాకేం పగలేదు. చూసింది రాయాలె."

సొంతానికని రాయించి కిరాయికి తిప్పిన బండికి ఏమీ రాదని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. జీపు మందిరం వెనక తుప్పు పట్టసాగింది. డ్రైవరు మణుగూరులో బొగ్గు లారీ ఎక్కడానికి పోతూ, "సత్యం మీరు చెప్పిండ్రు, జీతం నాది పోయింది" అని నవ్వాడు.

పెద్దాయన కోడలికి నెల ముందే నొప్పులొచ్చాయి. అప్పటికి వాగు మోకాలి లోతుకు తగ్గింది. జీపైతే ఇట్టే దాటేది. మంచానికి వాసాలు కట్టి నలుగురం మోశాం. ముందు కుడివైపు నేను. దారంతా ప్రార్థిస్తూనే ఉన్నాను. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

నేను దేవుణ్ణి తప్పుపట్టలేదు. కానీ ఆనాడు ఒక్క అబద్ధం ఆడి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో ఆయనకు తెలుసు. క్షమించమని అడగాలన్నా, దేనికని అడగాలో నాకు తేలలేదు.

బిడ్డను పూడ్చిన మూడో రోజు పెద్దాయన వాగు దాటి మా ఇంటికి వచ్చాడు. మోదుగాకుల్లో చుట్టిన చింతపండు ముద్ద నా ముందు పెట్టాడు.

"ఏంది పెద్దయ్యా ఇది?"

"మోసిండ్రు కదా. ఊరికే మోపిచ్చుకుంటమా?"

ఈసారి వద్దనలేదు. రెండు చేతులా తీసుకున్నాను.